మొదటి రోజు తాడు లాగొద్దు

మా మేనల్లుడు సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వస్తూ కారు డిక్కీలో ఓ పెద్ద అట్టపెట్టె తెచ్చాడు. అరిసెలు వండుతున్న మా అక్క చేతులు కడుక్కుని వచ్చేలోపే పెట్టె విప్పేసి, నవారు మంచం మీద ఎర్రటి బొమ్మ కారొకటి నిలబెట్టాడు.

"గ్యాస్ బగ్గీ మావయ్యా! వన్ బై ఫైవ్ స్కేల్!" అన్నాడు.

"గ్యాసా? సిలిండరెక్కడ పెడతార్రా దీనికి?" అంది అక్క.

ఆమె అడిగినదాంట్లో తప్పు లేదు. గ్యాస్ అంటే మనకు వంటింటి సిలిండరే. అమెరికా వాళ్లు పెట్రోలును గ్యాసొలిన్ అని, దాన్నే కుదించి గ్యాస్ అని పిలుస్తారు. ఈ బండి బంకులో దొరికే మామూలు పెట్రోలుతోనే నడుస్తుంది, కాకపోతే అందులో 2టీ ఆయిల్ కలపాలి. ఇంతకంటే చిన్న బళ్లలో నైట్రో రకమని ఉంటుంది. దానికి మెథనాల్, నైట్రోమీథేన్ కలిపిన ప్రత్యేక ఇంధనం కావాలి. దీనికి ఆ గొడవ లేదు. స్పార్క్ ప్లగ్గు, కార్బురేటరు, లాగే తాడు, సైలెన్సరు అన్నీ నిజం బండికున్నట్టే ఉంటాయి.

ఈ పుస్తకంలో ఇప్పటిదాకా ఉద్యోగాల గురించీ డబ్బు గురించీ మాట్లాడుకున్నాం. ఈ అధ్యాయం మొత్తం ఒక బొమ్మ కారు గురించి. ఏదైనా కొత్తది చేతికి రాగానే మన చేతులకు పట్టే తొందర ఎలాంటిదో నాకు ఈ బండి చూపించినంత బాగా మరేదీ చూపించలేదు. మీకు ఇలాంటి బగ్గీ ఉంటే ఇది నేరుగా పనికొస్తుంది. లేకపోతే కథలా చదువుకోండి.

ఈ జాతి బళ్లలో బాగా పేరున్నది హెచ్‌పీఐ కంపెనీ వాళ్ల బాహా 5బీ. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ఎడారిలో 1967 నుంచి జరుగుతున్న పందేల్లో పరుగెత్తే బగ్గీల పోలికతో చేశారు. పొడవు రెండున్నర అడుగులకు పైనే, బరువు 10 కిలోల చిల్లర. ఇంజను వెనక, తోలేది కూడా వెనక చక్రాలే. మొదట వచ్చిన వాటిలో 23 సీసీ, తర్వాత 26 సీసీ ఇంజన్లు పెట్టారు. ఇప్పుడు అదే అచ్చులో చైనా తయారీ బళ్లు బోలెడు. మా వాడిది అలాంటిదే. ధర మాత్రం ఓ సెకండ్ హ్యాండ్ మోటార్ సైకిలంత పడింది. ఆ సంగతి అక్కకు ఇంకా చెప్పలేదు.

బండి ఎంత వేగం పోతుందని పెట్టె మీద చూస్తే 60 కిలోమీటర్లు దాటుతుందని ఉంది. కాగితం తీసుకుని చిన్న లెక్క వేశాను. 10 కిలోల వస్తువు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగిలితే, అదే వస్తువు సుమారు 14 మీటర్ల ఎత్తు నుంచి పడ్డట్టు. అంటే అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ డాబా మీంచి 10 కిలోల బియ్యం సంచి కిందికి వదిలినట్టు. ఈ లెక్క మా వాడికి చూపించాను. "అబ్బో" అని, తాడు ఎక్కడుందా అని వెతకడం మొదలెట్టాడు.

ఆ రోజు మేం చేసిన పని చెప్తాను, మీరు చెయ్యకండి. పెట్టె విప్పిన గంటన్నరకే ఊరి బయట వెంచర్‌కి వెళ్లాం. గ్రావెల్ రోడ్లు, సిమెంటు రాళ్లు, స్వాగత తోరణం అన్నీ ఉండి, ఇల్లొక్కటీ లేని వెంచర్. బళ్లు నడపడానికి దేవుడు ఇచ్చిన చోటు. తాడు లాగుతూ లాగుతూ అరచేతిలో బొబ్బలొచ్చాక ఎలాగో ఇంజను అందుకుంది. మూడు నిమిషాలు బాగానే తిరిగింది. నాలుగో నిమిషంలో మా వాడు "మావయ్యా, మాట వినట్లేదు" అన్నాడు. అప్పటికి యాక్సిలరేటర్ సగం నొక్కి ఉంది. బగ్గీ అదే వేగంతో, ఏ మలుపూ లేకుండా తిన్నగా పోయి 46వ నంబరు ప్లాటు హద్దురాయికి గుద్దుకుని వెల్లకిలా పడింది. పడి కూడా ఆగలేదు. ఈ రకం కార్బురేటరులో తేలుడు బంతి ఉండదు, పల్చటి పొర ఒకటి పెట్రోలును లాగి ఇస్తుంది. రంపం మిషన్లలో ఉండేది ఇదే. ఎటు తిరగేసినా పనిచేస్తుంది. చక్రాలు గాల్లో గిరగిరా తిరుగుతుంటే దగ్గరికి వెళ్లడానికి ఇద్దరికీ ధైర్యం చాల్లేదు. చివరికి నేనే వెనక నుంచి వెళ్లి ఆపే బటన్ నొక్కి పట్టుకున్నాను. బండి ముందు చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి విరిగింది. పక్క చేలో గేదె మేత ఆపి మావైపు చూసింది. అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు, అది మా అదృష్టం.

కారణం రాత్రి తీరిగ్గా కూర్చుంటే తెలిసింది. బండిలో చిన్న బ్యాటరీ ఒకటుంటుంది. ఇంజనుకు దాంతో పనిలేదు. రిమోట్ మాట వినే రిసీవరూ, స్టీరింగునూ యాక్సిలరేటర్‌నూ కదిపే సర్వోలూ దాని మీదే బతుకుతాయి. పెట్టెలోంచి తీసింది తీసినట్టు, ఛార్జింగ్ పెట్టకుండా వాడాం. అది చచ్చిపోయింది, సర్వో ఉన్నచోటే బిగుసుకుపోయింది, ఇంజను మాత్రం సుబ్బరంగా తిరుగుతూనే ఉంది.

"ఫెయిల్‌సేఫ్ ఉంది కదా మావయ్యా?" అన్నాడు వాడు. ఉంది. రిమోట్ సిగ్నల్ తెగిపోతే యాక్సిలరేటర్‌ను మూసి బ్రేకు వేసే ఏర్పాటది. కానీ ఆ పని చెయ్యడానికి కూడా దానికి కరెంటు కావాలిగా! సిగ్నల్ పోతే కాపాడుతుంది, బ్యాటరీయే పోతే ఏమీ చెయ్యలేదు. అందుకే కిల్ స్విచ్ అని విడిగా అమ్ముతారు. కరెంటు అందకపోయినా, సిగ్నల్ అందకపోయినా స్పార్కును ఆపేస్తుంది. ఇంజను ఠక్కున ఆగుతుంది. రంగురంగుల చక్రాలూ, పెద్ద సైలెన్సరూ తర్వాత కొనుక్కోవచ్చు. ఈ బండికి మీరు మొదట కొనాల్సింది ఇదే, దీని మీద నేను బేరానికి రాను.

అందుకని మొదటి రోజు తాడు ముట్టుకోకండి. పెట్రోలు కూడా తేకండి, తెస్తే చెయ్యి ఆగదు. మనల్ని ఆరంభశూరులంటారు కదా, ఆ శౌర్యం ఒక్క రోజు వాయిదా వెయ్యండి. ఛార్జర్లో బ్యాటరీ పెట్టి, నేల మీద పాత దుప్పటి పరిచి, అల్లెన్ కీల సెట్టు తీసుకుని బండి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చోండి.

ముందు నుంచి వెనక్కి ఒక్కో బోల్టూ తాకి చూడండి. ఫ్యాక్టరీలో బిగించారు కదా అనుకోవద్దు. మా బండిలో సైలెన్సర్ బోల్టు ఒకటి వేళ్లతోనే తిరిగింది. ఇంజను అదురుకు ఇనుము మీద ఇనుము ఉన్న బోల్టులన్నీ వదులవుతాయి. వాటిని తీసి, మర తుడిచి, నీలం రంగు లాక్‌టైట్ ఒక చుక్క వేసి బిగించాలి. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూలకు అది వెయ్యొద్దు, ప్లాస్టిక్‌ను తినేస్తుంది. కార్బురేటర్ బోల్టుల దగ్గర ఇంకాస్త సేపు ఆగండి. అక్కడ సందు ఉంటే ఇంజను దొంగగాలి పీలుస్తుంది. దాని ఫలితం తర్వాత చెప్తాను.

ఇంజను పళ్లచక్రమూ, దాని పక్కన పెద్ద పళ్లచక్రమూ మరీ బిగుతుగా కరుచుకుంటే అరుస్తాయి, వదులైతే పళ్లు రాలతాయి. రెంటి మధ్య నోటుబుక్కు కాగితం ముక్క పెట్టి తిప్పి చూడండి. చిరక్కుండా, మడతల గుర్తులు పడి బయటికొస్తే సరిగ్గా ఉన్నట్టు.

సాయంత్రం రిమోట్ పని. ఆన్ చేసేటప్పుడు రిమోట్ ముందు, బండి తర్వాత. ఆపేటప్పుడు బండి ముందు, రిమోట్ తర్వాత. ఇది చేతికి అలవాటైపోవాలి. గాలి ఫిల్టర్ విప్పి కార్బురేటర్ నోట్లోకి చూడండి. రూపాయి బిళ్ల కంటే చిన్న రేకు తలుపు ఒకటి కనిపిస్తుంది. ట్రిగ్గర్ వదిలేసినప్పుడు అది మూతపడి, సన్నటి సందు మాత్రమే మిగలాలి. ట్రిగ్గర్ మెల్లగా నొక్కుతుంటే మెల్లగా తెరుచుకోవాలి. ముందుకు తోస్తే బ్రేకు పట్టాలి. ఇప్పుడు కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, అలాగే పట్టుకుని రిమోట్ ఆపెయ్యండి. రేకు తలుపు దానంతటదే మూసుకోవాలి. మూసుకోకపోతే ఫెయిల్‌సేఫ్ సరిచేసేదాకా ఆ బండికి పెట్రోలు చూపించకండి. ఆ తర్వాత బండిని ఇంట్లో ఎవరి చేతికైనా ఇచ్చి, రిమోట్‌తో వంద అడుగులు దూరం నడిచి స్టీరింగు తిప్పి చూడండి. మా అక్క డాబా మీద బండి పట్టుకుని నిలబడి "ఎడమకి... ఇప్పుడు కుడికి... ఒరేయ్, చేతులు లాగేస్తున్నాయి" అని ఊరంతా వినబడేలా చెప్పింది.

రెండో రోజు పెట్రోలు. బంకులో ప్లాస్టిక్ సీసాలో పోయమని అడగొద్దు, పోయకూడదు కూడా. రేకు క్యాను తీసుకెళ్లండి. ఈ ఇంజన్లకు మామూలుగా చెప్పే పాళ్లు 25కి 1, అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్. బజాజ్ చేతక్ నడిపిన వాళ్లు "అంతెందుకు, లీటరుకు 20 చాలదా" అంటారు. చేతక్‌కు చాలేది. ఈ బుల్లి ఇంజను నిమిషానికి 15 వేల చుట్లకు పైగా తిరుగుతుంది, దానికి వేరే ఆయిల్ సంపూ లేదు. పెట్రోలుతో పాటు ఎంత లోపలికి వెళితే అంతే దాని ప్రాణం. ఆయిల్ డబ్బా మీద జాసో ఎఫ్‌సీ గానీ ఎఫ్‌డీ గానీ ఉందో చూడండి. పడవ ఇంజన్ల ఆయిల్ వద్దు, అది నీళ్లతో చల్లబడే వాటి కోసం చేసింది. సూది లేని సిరంజితో కొలిచి, క్యానులో పోసి, బాగా ఊపి, క్యాను మీద తేదీ రాయండి. ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది గాల్లోని తేమను తాగుతుంది. నెల దాటిన మిశ్రమాన్ని నేనైతే బగ్గీలో పొయ్యను.

ఇక తాడు దగ్గరికొద్దాం. బండిని చక్రాలు నేలకు తగలకుండా ఓ ఇటుకల దిమ్మ మీదో, చెక్కపెట్టె మీదో ఎత్తి పెట్టండి. కార్బురేటర్ కింద రబ్బరు బుడిపె ఉంటుంది. పెట్రోలు వెనక్కి తిరిగిపోయే పైపులో కనిపించేదాకా నొక్కి, ఇంకో నాలుగుసార్లు నొక్కండి. చోక్ మూసి తాడు లాగండి. తాడు చివరికంటా గుంజితే తెగుతుంది, చేతిలోంచి వదిలేస్తే లోపలి స్ప్రింగు పోతుంది. కాస్త బిగుతు తగిలేదాకా లాగి, అక్కడి నుంచి చిన్నగా, చురుగ్గా లాగి, చేత్తోనే లోపలికి పంపాలి. రెండు మూడు లాగుళ్లకు 'టప్'మని ఓ దగ్గు దగ్గుతుంది. ఆ దగ్గు వినగానే చోక్ తెరవాలి. మేం వినలేదు. చోక్ మూసే ఉంచి నలభైసార్లు లాగాం. అప్పటికి ఇంజను నిండా పెట్రోలే.

బండికి విరిగిన చెయ్యి మార్చాక, అదే తప్పు మళ్లీ చేసి, ఈసారి బండిని నరసరావుపేట రోడ్డులో స్ప్రేయర్లు బాగుచేసే అతని దగ్గరికి పట్టుకెళ్లాను. మావి మిరప చేలు. మందు కొట్టే తైవాన్ పంపు మోగని ఊరు లేదు. ఆ పంపు ఇంజనూ, ఈ బగ్గీ ఇంజనూ దగ్గరి చుట్టాలు. బాహా బగ్గీల్లో వాడిన జెనోవా ఇంజన్లు గడ్డి కోసే మిషన్ల ఇంజన్ల వంశంలోనివే. అతను బగ్గీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంది సార్, పంపుకి టైర్లేశారు!" అన్నాడు. ప్లగ్గు విప్పాడు. తడిసి నల్లగా ఉంది. గుడ్డతో తుడిచాడు. ప్లగ్గు లేకుండానే బండిని తలకిందులు చేసి, చోక్ తెరిచి, తాడు ఆరేడుసార్లు లాగాడు. రంధ్రంలోంచి పెట్రోలు తుంపర్లు పడ్డాయి. అయిదు నిమిషాలు దాన్నలా వదిలేసి టీ చెప్పాడు. టీ అయ్యాక ప్లగ్గు బిగించి లాగితే రెండో లాగుకు అందుకుంది. మేం ముప్పావుగంట కుస్తీ పట్టిన పనికి అతనికి పట్టింది టీ తాగినంత సేపు.

అందుకున్నాక అతను ఇంజను వైపు చూళ్లేదు, సైలెన్సర్ గొట్టం వైపు చూశాడు. "పొగేది సార్?" అన్నాడు. పొగ లేకపోవడం మంచిదే కదా అనుకుంటున్నాను నేను. "కొత్తింజనికి పొగ రావాల. పొగ లేదంటే ఆయిలు పోవట్లేదు" అన్నాడు.

ఈ ఒక్క ముక్క అర్థమైతే టూ స్ట్రోక్ ఇంజను సగం అర్థమైనట్టే. కార్బురేటర్‌కు మూడు స్క్రూలుంటాయి. ఒకటి నెమ్మది పరుగుకు పెట్రోలు ఎంతో చెప్పేది, రెండోది గట్టి పరుగుకు, మూడోది ఊరికే నిలబడ్డప్పుడు ఇంజను ఎంత వేగంగా తిరగాలో చెప్పేది. మొదటి రెండూ కుడికి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, ఎడమకు తిప్పితే పెరుగుతుంది. పెట్రోలు తగ్గిస్తే ఇంజను చురుగ్గా అరుస్తుంది, బండి ఎగిరి గంతేస్తుంది, నడిపేవాడు మురిసిపోతాడు. కానీ తగ్గింది పెట్రోలొక్కటే అనుకుంటున్నాం, దాంతో పాటు ఆయిలూ తగ్గింది. వేడి పెరిగి, తడి తగ్గి, పిస్టన్ సిలిండర్‌ను గీరుకుంటూ ఒక రోజు పట్టేస్తుంది. ఇందాక చెప్పిన దొంగగాలి చేసే పనీ ఇదే, స్క్రూ ఎవరూ ముట్టుకోకుండానే. మా బండిలో అతను కార్బురేటర్ బోల్టు ఒకటి పావు చుట్టు బిగించాడు, గట్టి పరుగు స్క్రూను ఓ రవ్వ ఎడమకు తిప్పాడు. నీలం పొగ వచ్చింది. అతని మొహం విప్పారింది.

మీరు స్క్రూలు తిప్పాలనుకుంటే ముందు అవి ఎక్కడున్నాయో ఫోన్‌తో ఫోటో తీసుకోండి. బండితో వచ్చిన పుస్తకంలో ఇన్ని చుట్లు అని ఉంటుంది, అక్కడి నుంచి మొదలెట్టండి. ఒకసారికి ఒక స్క్రూ, ఎనిమిదో వంతు చుట్టు. తిప్పాక రెండు నిమిషాలు నడిపి చూడండి. పది నిమిషాలు నడిపి ఆపాక ప్లగ్గు విప్పితే కొన సంగతంతా చెప్పేస్తుంది. కాఫీపొడి రంగుంటే బాగుంది. తెల్లగా మాడితే పెట్రోలు తక్కువ. నల్లగా తడిసి ఉంటే ఎక్కువ. కొత్త ఇంజను కాస్త నలుపు వైపే ఉండనివ్వండి.

మొదటి నాలుగైదు ట్యాంకులూ పిస్టన్ రింగూ సిలిండరూ ఒకదానికొకటి అలవాటుపడే కాలం. ట్యాంకు 700 మిల్లీలీటర్లు, సుమారు అరగంట, ముప్పావుగంట వస్తుంది. గట్టిగా నొక్కి పట్టొద్దు. అలాగని ఒకేచోట నిలబెట్టి గుర్రు గుర్రుమనిపించడమూ మంచిది కాదు. కొంచెం నొక్కి వదులుతూ, వేగం మారుస్తూ తిప్పండి. ట్యాంకుకూ ట్యాంకుకూ మధ్య ఇంజను చెయ్యి పెట్టేంత చల్లారాలి. సైలెన్సర్ మీద మాత్రం పెట్టకండి. నా చూపుడువేలు మీద ఆ గుర్తు ఇంకా ఉంది.

నడపడంలో అందరూ తడబడేది ఒక్కచోటే. బండి మీకు దూరంగా పోతున్నప్పుడు కుడి కుడే, ఎడమ ఎడమే. మీ మీదికి వస్తున్నప్పుడు తిరగబడతాయి. దీనికో కిటుకుంది. ఎదురొస్తున్న బండి మీ ఎడమచేతి వైపు జారిపోతోందనుకోండి, రిమోట్ చక్రాన్ని కూడా ఎడమకే తిప్పండి, మధ్యలోకి వస్తుంది. కుడికి జారితే కుడికే. ఎటు ఒరిగితే అటు కర్ర ఊతం పెట్టినట్టు. మా వాడు రెండు చెప్పుల చుట్టూ ఎనిమిది అంకె వేస్తూ ఒక ట్యాంకు మొత్తం దీనికే ఖర్చుపెట్టాడు. మలుపు మధ్యలో బ్రేకు నొక్కితే వెనక భాగం ముందుకొచ్చేస్తుందన్న సంగతి కూడా ఆ చెప్పుల దగ్గరే తెలిసింది.

చోటు గురించి వేరే చెప్పక్కర్లేదు. నడిచే మనుషులు, పిల్లలు, పశువులు ఉన్నచోట ఈ బండి దించొద్దు. చూడ్డానికొచ్చిన వాళ్లను మీ వెనక నిలబెట్టండి, పక్కన కాదు. బియ్యం సంచి లెక్క గుర్తుందిగా.

మన ఎర్రమట్టి గురించి మాత్రం చెప్పాలి. అది పౌడరు కన్నా సన్నం. స్పాంజి ఫిల్టర్‌కు నూనె పట్టించకపోతే మట్టి నేరుగా సిలిండర్‌లోకి వెళ్లి గరుకు కాగితంలా అరగదీస్తుంది. ప్రతి విహారం తర్వాత ఫిల్టర్ విప్పి సబ్బు నీళ్లతో ఉతికి, నీడన ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి, అదనపుది పిండెయ్యాలి. ఆరేదాకా ఆగలేం కాబట్టి రెండో ఫిల్టర్ ఒకటి సిద్ధంగా జిప్ కవర్లో ఉంచుకోండి. బండిని పైపు పెట్టి కడగొద్దు, కుంచెతో దులిపి, గాలి కొట్టించండి. మట్టి వదిలాక మళ్లీ అల్లెన్ కీ తీసుకుని బోల్టులు తాకి చూడండి, ఒకటైనా వదులై ఉంటుంది.

కనుమ మర్నాడు మా వాడి ప్రయాణం. బండిని పెట్టెలో పెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్లో మిగిలింది అయిపోయేదాకా ఇంజను తిప్పాం. లోపలి పొర ఎండిపోతుందని కొందరు ఇలా వద్దంటారు. ఇథనాల్ కలిసిన పెట్రోలును నెల్లాళ్లు లోపల ఉంచడం కన్నా ఇదే నయమని నా లెక్క. క్యానులో ఇంకా ముప్పావు లీటరు మిశ్రమం మిగిలింది. కారులో తీసుకెళ్తానన్నాడు, వద్దన్నాను. స్ప్రేయర్ షాపు దగ్గర ఆగి ఇచ్చేశాం. అతను మూత తీసి వాసన చూసి, "మా పాళ్లే సార్" అని, బల్ల మీదున్న తైవాన్ పంపు ట్యాంకులో పోసేసి, తాడు ఒక్కసారి లాగాడు.